లోపలి ప్యాడ్

శుక్రవారం తనిఖీ. ఇవాళ బుధవారం.
క్లాక్స్‌విక్‌లో వాన అడ్డంగా కురుస్తోంది.
పడవల షెడ్డులో
ఇరవై రెండేళ్ల నా కారు
వెనక ఎడమ కాలెత్తి నిలబడింది,
లాడం కొట్టించుకునే గుర్రంలా.

బోర్లించిన చేపల డబ్బా మీద హానుస్.
నలభై ఏళ్లు ఓడ ఇంజన్లతో కాపురం చేసినవాడు.
పోయిన వేసవిలో ఈ కారు నాకమ్మిందీ అతనే,
రెండు గొర్రెల ధరకీ ఓ కప్పు కాఫీకీ.

"ముందు చక్రాలకి చెక్కలు పెట్టావా?"
పెట్టాను.
"హ్యాండ్‌బ్రేక్ దించావా?"
దించాను.
"మరి జాకీ కింద..."
హానుస్, నేను పురుళ్లు పోసేదాన్ని.
పక్కన ఒకరు చెబుతుంటే పని చేయడం తెలుసు,
చెప్పేవాళ్లని వినిపించుకోకపోవడమూ తెలుసు.

బోల్టులు కదల్లేదు.
ఉప్పుగాలి వాటితో వియ్యమందుకుంది.
నూనె పోసి, తిట్టి, మళ్లీ పోసి
స్పానర్‌కి పైపు తొడిగి ఒళ్లంతా వేలాడితే
కిర్రుమంటూ ఒకటి.
చాలాసేపటికి రెండోది.
"గొట్టానికి వేలాడనీకు కాలిపర్ని!"
చేతికి తీగ దొరకలేదు.
మెడలో మఫ్లర్ విప్పి స్ప్రింగుకి కట్టాను.

బయటి ప్యాడ్ బిస్కెట్టంత మందం,
ఇంకో రెండేళ్లు వచ్చేది.
లోపలిది తీశాను.
అగ్గిపుల్లంత కూడా లేదు.
గోటితో డిస్కు తడిమాను. ఇంకా నునుపే.
ఇంకొక్క వారమైతే ఇనుము ఇనుముని కొరికేది.
నెలనెలా టార్చి వేసి చూస్తూనే ఉన్నాను,
టార్చికి బయటిదే కనిపిస్తుంది.

కాలిపర్ జారాల్సిన కింది పిన్ను
తుప్పులో పాతుకుపోయి ఉంది.

హానుస్ చెప్పడం ఆపేశాడు.
వాన మాత్రం ఆపలేదు.
"పై పిన్నుకి ఏటేటా గ్రీజు పెట్టాను" అన్నాడు కాసేపటికి,
"కిందిదానికి నడుం వంచాలి.
మూడేళ్లుగా వంగలేదు.
అమ్మేటప్పుడు చెప్పాల్సింది."

నొర్‌దొయ్రి వైపు దారి గుర్తొచ్చింది,
ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం,
అర్ధరాత్రి పిలుపులు, రోడ్డు మధ్య నిద్రపోయే గొర్రెలు.
అనాల్సిన మాట నాలుక దాకా వచ్చింది.
పిన్నూ గరుకు కాగితం ముక్కా
అతని ఒళ్లో పెట్టాను.

రెండేళ్లుగా ఆ చేతిలో కాఫీ నిలవదు,
సాసరులోకి సగం, చొక్కా మీదికి సగం.
ఆ వణుకే ఇప్పుడు పనిలోకి దిగింది.
సర్‌సర్ సర్‌సర్,
అతను రుద్దక్కర్లేదు, పట్టుకుంటే చాలు.
ఎర్రపొడి మోకాళ్ల మీద రాలుతుంటే
కిందినుంచి వెండి బయటపడింది.
ఇద్దరం చూసీ చూడనట్టు నవ్వుకున్నాం.

నేను పిస్టన్‌తో కుస్తీ పడుతున్నాను.
బిగింపు వేసి నొక్కాను. ససేమిరా అంది.
"నొక్కితే పోదు. హ్యాండ్‌బ్రేక్ దాని కడుపులోనే ఉంది.
నొక్కుతూ తిప్పు, గడియారం ముల్లు వైపు."
పావు చుట్టు. ఊపిరి. పావు చుట్టు.
తిరుగుతూ వచ్చేవాళ్లని బయటకి తేవడమే నా వృత్తి,
ఇలా వెనక్కి పంపడం ఇదే మొదలు.

అడగకుండానే హానుస్ డబ్బాని
కుడి చక్రం వైపు లాక్కున్నాడు.
అక్కడా అదే కింది పిన్ను, అదే కథ.
చెయ్యి చాపాడు.

చీకటి పడ్డాక స్టీరింగు ముందు కూర్చున్నాను.
మొదటిసారి పెడల్ నేలదాకా పోయింది,
ఎక్కడా ఏమీ లేనట్టు.
రెండోసారి సగం దాకా.
నొక్కినప్పుడల్లా వెనక ఎర్రదీపం వెలిగి
వానలో హానుస్ ఉంటున్నాడు, పోతున్నాడు, ఉంటున్నాడు.
మూడోసారి పాదం కింద గట్టి నేల తగిలింది.

"నిలిచిందా?"
నిలిచింది.
"అయితే ఇంజన్ ఆపి దిగు,
నీ మఫ్లర్ ఇంకా స్ప్రింగుకే ఉంది."