రెండో పన్ను

కాలవలు కట్టేసిన వేసవి.
రావులపాలెంలో ఆడిటరుగారి మేడ మీద
ఫ్యాను గాలికి ఎగిరే కాగితాన్ని
మోచేతి మొండితో అదిమి పట్టుకున్నాను.

తొమ్మిదేళ్ల పింఛను ఒక్క రోజే పడింది.
ఫోను మోగితే పళ్ళాలమ్మ వచ్చి
సున్నాలు వేలితో లెక్కపెట్టింది,
మళ్ళీ కుడి నుంచి ఎడమకి.
తర్వాత ఇంకో కాగితం:
పన్ను కింద పట్టుకున్నది
లక్షా నలభై అయిదు వేల చిల్లర.

పన్ను నాకు కొత్త కాదు.
లొల్ల లాకుల మీద పదిహేడేళ్లు లస్కరుని.
వరద రాత్రి తలుపు ఎత్తుతుంటే
మర చక్రం వెనక్కి తిరిగింది,
ఒక పన్ను నా కుడి చెయ్యి పట్టుకుంది.
నీళ్లు ఆగలేదు.
తెల్లారేసరికి చివరి తూముకి చేరాయట.

డ్యూటీలో పోయిందా, నిద్రమత్తులో పోయిందా అని
ఫైలు తొమ్మిదేళ్లు ఆలోచించింది.
సదరం శిబిరంలో డాక్టరు నా భుజం తడిమి
డెబ్భై శాతం అని రాశాడు.

"మొత్తం ఒక్క ఏడాది ఆదాయం కింద చూశారండి,"
అంది మెహరున్నీసా, లెక్కలు చూసే పిల్ల.
"టెన్ ఈ అని ఫారం ఉంది.
ఏ ఏటి డబ్బు ఆ ఏటికి సర్ది చూపిస్తే
తేడా వెనక్కిస్తారు.
రిటర్ను కంటే ముందే వెయ్యాలి, మర్చిపోతే రాదు."

అర్థమైంది. చదువు వల్ల కాదు.
తొమ్మిది చేల నీళ్లు ఒక్క మడిలోకి వదిలితే
అది మునుగుతుంది,
కొస చేను నెర్రెలు విచ్చుతుంది.
వంతులు పెట్టడం నా పనే కదా.
ఎనభై తొమ్మిదో సెక్షనంటే ఇంకో లాకు.

"రెండో ఏడు వేరే ఆదాయం?"
లేదు. గేదెని అమ్మాం.
"అది రాయక్కర్లేదండి."
నాలుగో ఏడు చేపల చెరువు కాపలా,
నెలకి రెండు వేలు, అదీ శీతాకాలం దాకా.
పళ్ళాలమ్మ వందకింతని పూతరేకులు తీసింది.
వేళ్ల కొసలు కాలి కాలి
రేషను మిషను ఆవిణ్ణి గుర్తుపట్టడం మానేసింది.
"అదీ అక్కర్లేదండి."
గడిలో సున్నా. కింది గడిలోనూ సున్నా.
"ఏళ్లు ఎంత ఖాళీగా ఉంటే
అంత ఎక్కువ వెనక్కొస్తుంది."

ఆయ్, అన్నాను.
ఖాళీ ఏళ్లు నా దగ్గర బోలెడు.

"నేను కట్టిన వడ్డీలకి గడి ఉందామ్మా?"
లేదని ఆ పిల్లకి తెలుసు.
అయినా తెరని కింది దాకా జరిపి చూసింది.
ఆ చూడ్డం కోసం
ఫీజు మీద యాభై ఎక్కువిచ్చాను, తీసుకోలేదు.

తిరుగు బస్సు లాకుల దగ్గర నెమ్మదించింది.
ఎండిన కాలవ మీద ఎవరో కుర్రాడు, కొత్త లస్కరు,
చక్రానికి గ్రీజు రాస్తున్నాడు
ఒక్కో పన్నుకీ, వేళ్లతో.
ఎడం చెయ్యి కిటికీలోంచి చాపి అరిచాను.
పలకరింపు అనుకున్నాడు.
చెయ్యి ఊపాడు.