రెండించులు

షువైఖ్‌లో మా షెడ్డు ముందర తెల్లబండి ఆగింది.
రెండు సీట్లు, వెనక పొడుగు తొట్టి,
తొట్టి నిండా గడ్డి పొట్టు, ఒంటె వెంట్రుకలు.
దిగినాయన బూ ముత్లఖ్.
వెంట మేనల్లుడు ధారి, చేతిలో ఫోను.

"నాలుగించులు లేపాల" అన్నాడు పిల్లోడు.
ఫోను నా ముఖానికి ఆనించినాడు:
ఎవరిదో బండి, ఇసుకతిన్నె మీద
కాళ్లు బిగించిన మిడత లాగుంది.

పన్నెండేండ్లుగా బండ్ల కింద పండుకునేవాణ్ణి.
బండి ముఖం నాకు తెలీదు, కడుపు తెలుసు.
దూరి చూస్తి.
కమాను పట్టీల్లో మూడోది చిట్లింది,
బుష్షులు ఎండి పేలాలయినాయి,
షాకబ్జార్బరు నూనె కక్కి కక్కి
దుమ్ముతో మీసం పెంచుకుంది.

బల్ల మీద మూడు పెట్టెలు పరిస్తి.

ఇది ఉత్త స్పేసరు.
చెప్పులో గుడ్డ కుక్కి పొడుగనిపించుకోవడం.
బండి లేస్తుంది, బలం రాదు.

ఇది నాలుగించులది.
పై ఆర్ములు మార్చాల, బ్రేకు పైపులు పొడిగించాల,
ముందర యాక్సిలు కీళ్లు మెడ పట్టినట్టు వంకర తిరుగుతాయి,
రబ్బరు తొడుగు ఒక ఎండాకాలం దాటితే నీ అదృష్టం.

ఇది రెండించులది.
ఐదొందల కిలోల మోతకు కొత్త పట్టీలు, కొత్త షాకులు. అంతే.
ఫోటోకు పనికిరాదు.

గాజు తలుపు వెనక మా మాల్లం
నాలుగు వేళ్లు ఆడిస్తున్నాడు.
పెద్ద పెట్టెలో ఆయనకు తొంభై దీనార్లు.

రెండించులేంది, కంటికి ఆనదే, అని నవ్వినాడు ధారి.
నేను పండుకునే పై మంచానికీ కప్పుకూ
ఇరవయ్యారు ఇంచులు.
ఇంచంటే ఏందో నా నుదుటికి తెలుసు.

"ఏం మోస్తావు బాబా?" అని అడిగితి.

ముసలాయన అప్పుడు నోరు తెరిచినాడు.
"షగ్రాని."

పదహారేండ్ల ఒంటె.
కబ్ద్ నుంచి సాల్మీ దారెంట వారానికోసారి మేతకు.
కొట్టం దగ్గర ఒక మట్టికట్ట, ఆయనే పారతో పోసింది.
బండి వెనక్కి ఆనిస్తే తనంతట తానే ఎక్కుతుంది.
తాడేసి లాగితే పగబడుతుంది.
క్రేనుతో ఎత్తితే రెండు దినాలు తినదు.
ఈమధ్య ఎక్కేటప్పుడు తడబడుతోందంట,
ముందరి కాలు గాల్లో పెట్టి ఆలోచిస్తుందంట.
"ముసలిదయిపోయింది."

కట్ట ఎంత ఎత్తు?
నా టేపు ఆయన ముట్టుకోలేదు.
లేచి నిలబడి, తొడ మీద
అరచెయ్యి అడ్డంగా పెట్టినాడు.
ఆ చెయ్యి కింద టేపు పట్టుకుంటి: ముప్పైరెండు.
పోయి తొట్టి అంచు కొలిస్తి: ముప్పై.
మళ్లీ కొలిస్తి.

"బాబా, ముసలిదయింది ఒంటె కాదు."

ఆయన బండి వైపు చూసినాడు.
చాలాసేపు.
ఇంట్లోవాళ్లను ఊరికే తిట్టినవాడి ముఖం.

"నాలుగు లేపి, కట్ట మీద ఇంకో రెండించుల మట్టి పోస్తే సరి"
అన్నాడు ధారి. తప్పు కాదు, లెక్క సరిపోతుంది.
"పోయొచ్చు" అన్నాడు ముసలాయన.
"దానికెవరు చెప్తారు?"

గుల్ జమాన్ తుప్పు బోల్టులు కోసినాడు.
సాయంత్రానికి పట్టీలు బిగిస్తి,
చక్రాలు సరిచేస్తి,
లైట్లు ఒక చుట్టు కిందికి దించితి
ఎదురొచ్చేవాళ్ల కండ్లు పోకుండా.
పిల్లోడు అలిగి, నాలుగించుల పెట్టె మీది స్టిక్కరు పీక్కొని
వెనక అద్దానికి అంటించుకున్నాడు.
మాల్లం ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

శుక్రవారం ఫోన్లో ఒక వాయిస్ వచ్చింది.
మాటల్లేవు. గాలి.
ఎవరో నాలిక చప్పరించి పిలుస్తున్నారు.
తర్వాత రేకు మీద మెత్తటి అడుగులు,
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
మధ్యలో ఎక్కడా ఆగలేదు.