చిప్ప వెనక పోగు

కెమ్చీ రేవులో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు.
పడకపోతే చెప్పుకుంటారు.
రేకుల కప్పు కింద రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను
బోర్లా పడుకుని ఉంది, కడుపు విప్పుకుని.

మూడు మెయిన్ బేరింగులు. ఆరు చిప్పలు.
నడిమి మూతలోని చిప్ప మాత్రం
ఒక్కచోట మెరుగు పోయి రాగిరంగు తేలింది,
మోకాలి దగ్గర చివికిన లాగులా.

ఆర్తెమియో గుమ్మంలోనే నిలబడి
"బంకువాడి నూనె కల్తీ" అన్నాడు.
రాత్రిపూట, నడి కాలవలో, పోటుకు ఎదురుగా
పడవ ఆగిపోయిన సంగతి
ఊరంతటికీ అలాగే చెప్పాడు.
ఎలిబెర్తా అత్త బదులు పలకలేదు.
చిప్ప ముఖం అందరూ చూస్తారు.
అత్త తిప్పి వీపు చూసింది.

వీపు మీద ఒక గీత.
గోరంత పొడవు, మాడిన గోధుమరంగు, కాస్త మెలి తిరిగి.
ఇనుము ఇనుమును గీరిన గీత కాదు.
పోగు. ఉన్నిపోగు.
అత్త తన స్వెట్టరు చేతి అంచు చూసుకుంది.
ఆరేళ్ళ కిందట ఇదే ఇంజను విప్పిన చలికాలం
ఒంటి మీద ఉన్నది ఇదే స్వెట్టరు.

వెంట్రుకవాసి అని ఊరికే అంటాం.
చిప్ప వెనక వెంట్రుకవాసి అంటే కొండ.
క్రాంకు నిమిషానికి వెయ్యిన్నర సార్లు
ఆ కొండెక్కి దిగుతుంది.
మిట్ట దగ్గర నూనె పొర తెగుతుంది.
తెగినా ఇంజను వెంటనే చావదు,
మంచితనం కొద్దీ మోస్తుంది, ఓపిక ఉన్నన్నాళ్ళు.

బంకువాడి మీదికి నెట్టేయొచ్చు. నేనైతే నెట్టేదాన్నే.
"పోగు నాది, ఆర్తెమియో."
ఆయన టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
"అయితే ఈసారి లైటు నేను పట్టుకుంటా."

అత్త స్వెట్టరు విప్పి మేకుకు తగిలించింది.
జులై నెల, వేళ్ళు కొంకర్లు పోయే నెల,
చేతుల్లేని బనీనుతో నిలబడింది.
నా జుట్టు చెవులు నొప్పెట్టేలా గుడ్డతో కట్టింది.
తుడవడానికి మామ చొక్కా,
ఉతికి ఉతికి నూలు రాలడం మానేసింది.

"నూనె ముఖానికి. వీపుకు కాదు.
వీపు పొడిగా బ్లాకును ఆనుకుంటేనే
దాని వేడి దిగుతుంది."
గాడి ఉన్న చిప్ప బ్లాకులోకి, లేనిది మూతలోకి.
రంధ్రం మీద రంధ్రం పడిందా అని
నా చేత పుల్ల దూర్పించింది, మూడు చోట్లా.
నాలుక తన గుంటలో కూర్చుంది.
చిప్ప అంచు మాత్రం రవ్వంత పైకి లేచి ఉంది.
సమం చేద్దామని ఆకురాయి అందుకున్నాను.
చేతి మీద ఒక్కటి పడింది.
"ఆ రవ్వంతే దాని పట్టు!
మూత బిగించినప్పుడు అదే గోడకు హత్తిస్తుంది.
అరగదీశావో, చిప్ప కూడా క్రాంకుతో గిర్రున తిరుగుతుంది."

మైనపు పోగొకటి క్రాంకు మీద పరిచి
మూత బిగించి, విప్పి,
నలిగిన వెడల్పును కాగితం కొలతకు పట్టి చూసింది.
"ఈ ఇంట్లోకి రానిచ్చే పోగు ఇదొక్కటే" అంది,
"అదీ కొలిచేదాకే." గోటితో గీకేసింది.

మూతల అంకెలు చూసి, బాణాలు ముందుకు పెట్టి
బోల్టులు మూడు విడతలుగా.
నడిమిది బిగించి చేత్తో తిప్పింది. తిరిగింది.
ముందుది. తిరిగింది,
తేనెలో గరిటెలా కాస్త బరువుగా.
వెనకది టక్కుమన్నాక నా చెయ్యి పట్టుకుని పెట్టింది.
ఎక్కడా ఆగలేదు. ఎక్కడా తొందరపడలేదు.
లైటు వణికింది, ఆర్తెమియో చెయ్యి తిమ్మిరెక్కి.

"ఎంత?" అన్నాడు.
"చిప్పల డబ్బు ఇవ్వు. కూలి
ఆరేళ్ళ కిందటే తీసుకున్నాగా."

పాత చిప్ప నా జేబులో ఉంది.
అప్పుడప్పుడు వీపు మీద బొటనవేలు పెట్టి వెతుకుతాను.
ఆ గీత కంటికి కనిపిస్తుంది.
వేలికి, ఇప్పటికీ, తగలదు.