పై సా మీద చుక్క

"నాలుగు గీతాలూ ఒక్క పేజీలో పట్టించగలవా?"
తలూపాడు దుఃఖిశ్యాం.
పర్లాకిమిడి బస్టాండు వెనక, జెరాక్సు కొట్టు.
తెలుగు మాటాడతాడు, చదవలేడు.
గుండ్రంగా ఉంటే చాలు, మన అక్షరమే అంటాడు.

మలహరివి మూడు, మోహనది ఒకటి.
పేజీకి రెండు రూపాయలు, పదకొండుమంది పిల్లలు.
నా లెక్క నాది.

కుదించాడు. ఒకదాని కింద ఒకటి పేర్చాడు.
అద్దం తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.
తెరమీద మచ్చ మచ్చా ఏరి చెరిపి
"చూడండి మేడమ్, ధూళి కణం లేదు" అని
వేడి కాగితాలు చేతిలో పెట్టాడు.

తాళం గీతలు తిన్నగా ఉన్నాయి.
ఆవగింజంత అక్షరం కూడా విడిగా తెలుస్తోంది.
చుక్కలే లేవు.
పై సా దిగొచ్చి నడిమి సా పక్కన నిలబడింది
రేషను వరసలో లాగ.
కింది దా ఎప్పుడెక్కిందో, అదీ అక్కడే.

ఎలా చెప్పను?
కొట్లోనే పాడాను,
చుక్క లేకుండా ఒకసారి, చుక్కతో ఒకసారి.
లామినేషన్‌కొచ్చినాయన
ఆధార్ కార్డు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.
దుఃఖిశ్యాం చెయ్యెత్తి
గాల్లో ఒకచోట వేలు ఆన్చాడు.
"ఇక్కడా?"
"అక్కడే."

ఈలోగా కరెంటు పోయింది.
చెరో నల్ల పెన్నూ తీసుకుని
గుమ్మం వెలుతుర్లో కాగితాలు పంచుకున్నాం.

అతను పెట్టిన చుక్కలు కాస్త లావు.
కాశీనగరం బస్సులో వచ్చే హైమకి
ఆ కాగితమే దక్కింది.
ఇప్పటికీ దాని పై సా
కొంచెం గట్టిగానే పడుతుంది.
నేను దిద్దలేదు.