బెత్తెడు

పేరు రాసుకున్నారు. ఊరు రాసుకున్నారు, దామలచెరువు.
మెస్సు వెనక బియ్యం కాటా మీద నిలబెట్టి
బరువు రాసుకున్నారు.
అప్పుడు అడిగినాడు ఎత్తిరాజులు సారు,
"పడేది వచ్చునా మే?"

ఎవరికి రాదు?
మామిడికొమ్మ మీంచి పడినాను, కాయల ట్రాక్టరు మీంచి పడినాను,
ఒకసారి నిద్రలో మిద్దె మీంచి కూడా.
"అదంతా జారడం" అన్నాడాయన.
"పడడం వేరే."

కర్రసాము జట్టులో చేరితే
కర్ర ఇస్తారనుకున్నదాన్ని.
నలభై రోజులు ముట్టనియ్యలేదు.
స్టేడియం వెనక ఎర్రమట్టిలో, తెల్లారకముందే,
గడ్డం రొమ్ముకు ఆనించి
భుజం, వీపు, నడుము, ఆ వరసలో
నన్ను నేను నేలకు అప్పజెప్పుకోవడం.
అరచెయ్యి మాత్రం ముందుగా పోయి
నేలను చరచాల,
వస్తా ఉండానని కబురు చెప్పినట్టు.

కొండ దిగి వచ్చిన గుండు పిల్లోడొకడు,
నెత్తిన గంధం పెచ్చులూడతా ఉంది,
"ఆ అక్క ఎందుకు మళ్ళీ మళ్ళీ పడతా ఉంది?" అని
వాళ్ళమ్మను అడిగినాడు.
ఆమె జాలిపడి
సంచిలోంచి లడ్డు తీసి సగం తుంచి ఇచ్చి పోయింది.

మా అమ్మ ఫోన్లో అడిగింది, "ఏం నేర్పిస్తా ఉండారు?"
"పడేది."
అవతల పల్పు ఫ్యాక్టరీ మిషన్ల మోత.
సొనకు పొక్కిన వేళ్ళతో పట్టుకోలేక
ఫోన్ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉంటుంది.
"దానికి గూడా ఫీజు కట్టినావా?"

నలభై ఒకటో రోజు కర్ర వచ్చింది,
నా చేతికి కాదు, నా మీదికి.
పట్టుకున్నది ఢిల్లీరాణి, ఎమ్మెస్సీ బాటనీ,
ఏర్పేడు పిల్ల, పలకరిస్తే తల దించుకునే రకం.
కర్ర అందుకుంటే మాత్రం
చుట్టూ ఉన్న గాలి చిరిగిపోతుంది.
నా కణతకు బెత్తెడు దూరంలో ఆపాల.
గాలి తగలాల, కర్ర తగలగూడదు,
చూసేవాళ్ళకు తగిలినట్టుండాల.
గాలి తగిలిన క్షణం నేను పడాల.

మూడో వారం తగిలింది.
కనుబొమ్మ పైన. రుయాలో మూడు కుట్లు.
నేను ఫ్యాను రెక్కలు లెక్కబెట్టుకుంటా ఉంటే
వరండాలో అది ఏడ్చిన ఏడుపుకు
ఎవరో పోయినారనుకుని నర్సమ్మ ఓదార్చింది.

ఆ మర్నాటి నుంచి దాని కర్ర
మూరెడు దూరంలోనే ఆగిపోయేది.
అంత దూరానికి పడితే జనం నవ్వుతారు.
సారు ఏమీ అనలేదు. విజిల్ జేబులో వేసుకుని
టీకి పోయినాడు.

ఇంక మేమిద్దరమే.
నేను చేసిందల్లా కళ్ళు మూసుకోకపోవడం.
దాని కళ్ళలోకి చూస్తా నిలబడితే
కుట్లు చివుక్కుమనేవి.
మోకాళ్ళ వణుకును వదులు ప్యాంటు దాచిపెట్టేది.
మూరెడు జానెడయ్యేసరికి వానలు పట్టుకున్నాయి.
జానెడు బెత్తెడయిన రోజు
ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.
క్యాంటీన్లో రెండు ప్లేట్లు పొంగనాలు తినేసి
డబ్బులియ్యడం మరిచిపోయి వచ్చేసినాము.

యువజనోత్సవం నాడు
డప్పు ఆగిన చోట కర్ర ఆగింది.
కణత మీది వెంట్రుకలు లేచి పడినాయి.
నేనూ పడినాను.
చెక్క స్టేజీని నా చెయ్యి చరిస్తే
హాలంతా "అమ్మా" అనింది.

ఆ వీడియో ఇంటికి పంపించినాను.
సొన తినేసిన వేలిని ఫోను గుర్తుపట్టదు.
అమ్మ, తమ్ముడి చేత ఆపించి, వెనక్కి నడిపించి, మళ్ళీ ఆపించి
కర్రకూ నా మొహానికీ మధ్య
గోరు ఆనించి చూసిందంట.
గోరంత గూడా లేదు ఆ చోటు.

రాత్రి పదకొండుకు చేసింది.
చాలాసేపు ఊరికే ఉండి అడిగింది,
"ఇంత సందులో ఎట్ల నిలబడితివి మే?"