రెండు చీటీలు

సుగరు డాక్టరు ఏటికి ఇటు, పర్లాకిమిడిలో.
మనసు డాక్టరు అటు, పాతపట్నంలో.
నడుమ మహేంద్రతనయ,
వేసవిలో మేకలు మోకాలు తడవకుండా దాటే నీరు.

ఇటు చీటీ మీద ఒడియా ముద్ర,
గొడుగులు పట్టుకు నిలబడ్డ అక్షరాలు.
అటు చీటీ మీద తెలుగు ముద్ర.
మొదటిది గూట్లో, దేవుడి పటం పక్కన.
రెండోది కొమ్ముపొడి డబ్బా అడుగున.

మాది కొమ్ముపని.
మా ఆయన కొంగల్ని, రొయ్యల్ని చెక్కుతాడు,
నేను దువ్వెనలకి నునుపు పెడతాను.
రెండేళ్లుగా వేలికొసలు మొద్దుబారిపోయాయి.
దువ్వెన పన్ను విరిగినా తెలీదు,
సూది గుచ్చి నెత్తురు తీసినా తెలీదు.
తెలిసేదల్లా రాత్రి మూడుగంటలే.
లేచి కూర్చుని పళ్లు లెక్కపెట్టేదాన్ని.
నలభై రెండు. మళ్లీ నలభై రెండు.
ఒక్కటి తగ్గితే ఎవరో పోతారు.
ఎవరని అడక్కండి.

సుగరు ఉందంటే వీధంతా చుట్టాలే.
"నాకూ ఉంది వదినా" అని అరుగు మీద జరిగి చోటిస్తారు,
కాకరకాయలు పంపుతారు, మెంతులు పంపుతారు.
ఆ రెండో జబ్బుకి
ఎవరింటి పెరట్లోనూ కూరగాయ లేదు.

అందుకే దుర్గమ్మకి మొక్కుందని చెప్పి
నెలకోసారి ఏరు దాటాను.
నుదుట కుంకుమ, కొంగుముడిలో ముప్పై మాత్రలు.
నిద్ర వచ్చింది. నిజంగా వచ్చింది.
పళ్లు లెక్కపెట్టడం మానేశాను.
దాని వెనకే ఆకలీ వచ్చింది,
దొంగలా కాదు, కొత్తల్లుడిలా,
వేళకి ముందే పీట వేసుకుని.

మూడో నెల పాణిగ్రాహి డాక్టరు కాగితం చూసి
కళ్లజోడు తీశాడు.
"మూడొందల పన్నెండు! ఏం తింటున్నావు దాలమ్మా?"
ఛెనాపోడొ, అన్నాను.
తినలేదు. ఏడాదిగా దాని వాసన కూడా చూడలేదు.
"ఎప్పుడెప్పుడు?"
రోజూ, అన్నాను.
తిండిపోతు అనిపించుకోవడం ఎంత సులువు!
ఆయన తిడుతుంటే హాయిగా ఉంది.
ఇన్సులిన్ రాశాడు.
మా ఆయన బజారంతా తిరిగి
మిఠాయి కొట్లన్నిటికీ చెప్పొచ్చాడు,
మా ఇంటిదానికి అమ్మకండని.

ఆ రాత్రి నవ్వాను. నవ్వి ఏడ్చాను.
మూడింటికి కాదు, తొమ్మిదింటికి,
అందరూ మేలుకుని ఉండగా.

మొన్న మంగళవారం పొడి దులిపి
రెండు చీటీలూ ఆయన బల్ల మీద పక్కపక్కనే పెట్టాను.
ముద్రలు వేరు.
మందుల పేర్లు మాత్రం రెండింట్లోనూ
అవే ఇంగ్లీషు కోడిగీతలు.
ఆయన వేలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు
చాలాసేపు ఏరు దాటింది.

"కేబేఠారు?" అన్నాడు,
తెలుగొచ్చిన మనిషే, మాట ఒడియాలో జారింది.
ఎప్పట్నించి.

ముందు, ఛెనాపోడొ తినలేదని చెప్పాను.
మిగతాది ఆ తర్వాత.