రెండు దిక్కుల రిజిస్టరు

మా క్లబ్బు రిజిస్టరుకు వెనక అట్ట లేదు,
రెండూ ముందు అట్టలే.
కుడి దిక్కు నుంచి తెరిస్తే ఉర్దూ.
ఎడమ దిక్కు నుంచి తెరిస్తే తెలుగు.
నడుమ మూడు కాగితాలు ఖాళీ.

చిలకలగూడ యూనియన్ ఫుట్‌బాల్ క్లబ్.
పేరుకు తగ్గట్టు చిలకపచ్చ బనీన్లు,
రెండు ఉతుకులకే
వాడిన కొత్తిమీర రంగుకొచ్చేటివి.

నేను సెక్రటరీని కాను.
సున్నం గీతలు గీసేటోణ్ణి.
మా నాయిన పోయినంక డబ్బా నా చేతికొచ్చింది,
డబ్బాతోని బీరువా తాళంచెయ్యి,
తాళంచెయ్యితోని ఈ పుస్తకం.

ఉర్దూ నాకు రాదు.
మెట్టుగూడల జిరాక్సు దుకాణం ఖైరున్నీసా
మిషను ఆపి, అద్దాలు తుడుచుకొని
నాకు చదివి పెడుతది.
"లోకో షెడ్డు ఫిట్టర్లు పదముగ్గురు.
చందా తలా నాలుగణాలు, హాలీ సిక్కా.
బంతి ఒకటి. గాలి పంపు, అరువు."
ఆ అరువు తీరినట్టు ఏ పేజీలా లేదు.

ఒట్టి కాళ్ళతోని ఆడేటోళ్ళు.
మైదానంల బూట్లున్నది రిఫరీకి ఒక్కనికే.
తోలు బంతి లేసు నుదుటికి తాకి
అచ్చు పడ్డోడొకడుండె.
పిల్లను చూడబోతే
ఇదేం మచ్చ నాయనా అని అడిగిరట.
గోలు, అన్నడట.

రాసింది మున్షీ గులాం దస్తగీర్.
అక్షరాలు వంకర పోనియ్యడు, ఓడిన నాడు గూడ.
ఆఖరి పేజీ, నలభై ఎనిమిది, వానలు:
"సెమీఫైనలు. ఎదుట బొల్లారం తోపుఖానా జట్టు.
ఇంటర్వెల్ దాక ఒకటి, ఒకటి.
వాన."

ఖైరున్నీసా కాగితం తిప్పింది.
మళ్ళ తిప్పింది.
"ఖతం," అన్నది.
ఖతం గాదు బీబీ, ఇంటర్వెల్, అన్న.

ఆ ఏడు వానలకు
ఊర్ల ఇంకేమేం ఆగినయో మీకు ఎరుకే.
మున్షీ సాబ్ యాడికి పోయిండో
పుస్తకానికి తెల్వదు.
గెలిచినమని కొందరు, ఓడినమని కొందరు,
మ్యాచే జరగలేదని ఒక ముసలాయన,
ముగ్గురూ కళ్ళార చూసినోళ్ళే.

రెండేండ్లకు ఎడమ దిక్కు మొదలైంది,
టికెట్ కలెక్టర్ ఉప్పలయ్య చేతిరాత:
"కొత్త తాళం, రెండు రూపాయలు.
పాత కప్పు దొరకలేదు."
అటెన్క గోలీ జేవియర్‌రాజు.
ఏడు మ్యాచులల్ల ఒక్క గోలియ్యలే,
ఎనిమిదో దాంట్ల ఆరిచ్చిండు.
పక్కన సన్నగ:
"ఆ దినం బిడ్డ పుట్టింది. మనిషి ఈడ లేడు."
లీగు ఒక్కసారి గెలిచినం.
ఆ పేజీ మీద చాయ్ మరక.

ఎనభై మూడు తర్వాత పేజీలు పల్చబడ్డయి.
పోరగాళ్ళకు బ్యాట్లొచ్చినయి,
వికెట్లకని నా మూల జెండా కట్టెలు అడిగిరి,
ఇచ్చిన, ఏం జేస్త.
సగం మైదానం ఫంక్షన్ హాలాయె.
పెనాల్టీ బాక్సు ఉన్న కాడ
ఇప్పుడు బిర్యానీ వడ్డిస్తరు.
నేను గూడ ఒకసారి తిన్న.
ప్లేటు పట్టుకొని నిలబడితే
కాలు దానంతట అదే
పదకొండు గజాలు కొలిచింది.

మొన్న ఐతారం పొద్దుగాల
రైల్వే క్వార్టర్ల పిల్లలొచ్చిరి,
ఇద్దరు ఆడపిల్లలు, ఒకామె ఖైరున్నీసా మనుమరాలు.
మిగిలిన సగానికే గీతలు గీసిన.
నడిమి గీత మాత్రం గోడ కిందికి పోతది,
దానికి నేనేం జెయ్యలేను.

సాయంత్రం జిరాక్సు దుకాణంల
ఖాళీ కాగితాలు తెరిచినం.
ఆమె కుడి దిక్కు నుంచి ఒక వరుస రాసింది.
ఏమని అడగలే.
నేను ఎడమ దిక్కు నుంచి రాసిన:
"వాన తగ్గింది. రెండో సగం షురూ.
హాజరు తొమ్మండుగురు, ఒక కుక్క.
సున్నం అర బస్తా ఉన్నది.
పంపు, మళ్ళ అరువే."